మాణిక్యమ్మ సాక్ష్యం

"కాలు వాచింది," అంది మాణిక్యమ్మ. "ఎడం కాలు. తొడదాకా వాచి నున్నగా మెరిసింది. మూడో రోజు పొద్దున ఊపిరాడటం లేదంది. అంతే. నా ఒళ్ళోనే పోయింది మన అమ్మ."



చల్లపల్లి బస్సు దిగి వచ్చిన ఆడపడుచుకి తెరేసమ్మ మంచినీళ్ళయినా ఇవ్వలేదు. ఆదివారం చర్చిలో పూజకి కట్టుకున్న చీర కూడా మార్చుకోకుండా, "మీ తమ్ముడు ఏదో అడగాలంట, చెప్పండి వదినా" అని హాల్లో కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

శౌరమ్మ తన చేతిలోని కాగితం వంక చూసుకుంది. సూర్యారావుపేటలో హార్మోన్ల డాక్టరమ్మ ఇచ్చిన కాగితం అది. సిగరెట్లు మానేసి అయిదు నెలలయింది. బీపీ మాత్రతో అదుపులోకి వచ్చింది. గుండె పరీక్ష బాగుంది, లివరు బాగుంది. ఒక్క ప్రశ్న దగ్గరే ఖాళీ మిగిలింది. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా? మీ తల్లి ముప్పై నాలుగేళ్ళకే ఎలా పోయారు?

"నువ్వు నాకెప్పుడూ జ్వరమని చెప్పావు అక్కా."

"ఆరేళ్ళ పిల్లాడికి ఇంకేం చెప్తారు?"

"నాకిప్పుడు యాభై ఎనిమిది."

"ఇప్పుడు చెప్పా గదరా."

ఆ 'రా' అన్నప్పుడు మాణిక్యమ్మ కావాలనే కాస్త ఒత్తి పలికింది. ఆటోనగర్లో ముప్పై అయిదేళ్ళు లారీ ఇంజన్లు విప్పి బిగించిన శౌరయ్య, ఎనిమిది నెలల కిందట ఇదే హాల్లో నిలబడి, నేను మగవాడిని కాను, ఏనాడూ కాను, మిగిలిన నాలుగు రోజులూ శౌరమ్మగా బతుకుతానని చెప్పిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ప్రతి పిలుపూ ఒక దెబ్బే. పిలిచేవాళ్ళకీ తెలుసు, పడేవాళ్ళకీ తెలుసు.

"సరిగ్గా గుర్తు తెచ్చుకో అక్కా. ఇది రాసిస్తే డాక్టరు నాకు మందు ఇవ్వదు."

"ఇవ్వకపోతే మంచిదే. ఆ మందుతో రక్తం గడ్డకడుద్దంటగా? ఆడదానిలా బతకాలని ఉంది నీకు. మింగు. అమ్మలాగే కాలు వాచి ఆడదానిలాగే చస్తావు."

"వదినా!" అంది తెరేసమ్మ. ఆ గొంతులో మందలింపు లేదు.

లోపలి గది తలుపు దగ్గర అలికిడైంది. క్రిస్టినా గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఏడో నెల. అయిదో నెలలోనే గర్భసంచికి కుట్టు వేసి, మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. మైలవరం నుంచి మొగుడు తెచ్చి పుట్టింట్లో వదిలివెళ్ళి నెల దాటింది.

"నువ్వెందుకు లేచావే?" అని పరుగెత్తింది తెరేసమ్మ.

"నాయనమ్మ కాన్పయ్యాక పోయిందా అత్తా?" అని అడిగింది క్రిస్టినా.

మాణిక్యమ్మ తడబడింది. ఒక్క క్షణమే. తెరేసమ్మ వంక చూసింది, మళ్ళీ కళ్ళు దించుకుంది. "కాన్పు కాదమ్మా. ఊరికే వచ్చింది. నువ్వు పడుకో."

శౌరమ్మ జేబులోంచి పెన్ను తీసి ఆ ఖాళీ నింపింది. ఎడమ కాలు వాపు, మూడో రోజు మరణం అని రాసింది. ముత్యాల్లాంటి చేతిరాత ఆమెది. ఆ రెండు ముక్కలూ వంకరగా పడ్డాయి.

* * *

మంగళవారం డాక్టరమ్మ దగ్గరికి తెరేసమ్మ కూడా బయల్దేరింది. ఎనిమిది నెలల్లో మొగుడి పక్కన ఆటోలో కూర్చోవడం అదే మొదలు. బెంజి సర్కిలు దాకా రోడ్డు వంకే చూస్తూ కూర్చుంది. అయినా శౌరమ్మకి అదే ఎంతో అనిపించింది. వదులు చొక్కా వేసుకుని, మెడ దాకా పెరిగిన జుట్టు రబ్బరుబ్యాండుతో కట్టుకుని, భార్యకి ఎండ తగలకుండా తాను అటువైపు కూర్చుంది.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది.

"ఇది ఎవరు చెప్పారండీ?"

"మా అక్కండీ. దగ్గరుండి చూసింది."

"అప్పటి కాగితాలేమైనా ఉన్నాయా?"

"యాభై రెండేళ్ళ కిందటి మాట మేడమ్. ఊళ్ళో డాక్టరే లేడు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "చూడండి శౌరమ్మగారూ, మీతో మొదటి రోజే చెప్పాను. ఇరవై అయిదేళ్ళ వాళ్ళ ఒళ్ళు వేరు, మీ ఒళ్ళు వేరు. ఈ హార్మోను మాత్రగా మింగితే రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. మీ వయసుకీ, ముప్పై ఏళ్ళ సిగరెట్టుకీ మాత్రలు వద్దే వద్దనుకున్నాను. ఒంటికి రాసుకునే జెల్లు, అదీ చాలా తక్కువగా మొదలుపెడదామనుకున్నాను. ఇప్పుడిది చూశాక అది కూడా వెంటనే ఇవ్వలేను. రక్తం సంగతి చూసే డాక్టరు దగ్గరికి పంపుతాను. కొన్ని పరీక్షలుంటాయి. ఆరు నెలలు ఆగుదాం."

"ఆ పరీక్షల్లో ఏం లేదని తేలితే?"

"తేలినా సరే, తల్లి ఇలా పోయిందంటే దాన్ని నేను పక్కన పెట్టలేను. అన్నీ పరీక్షల్లో దొరకవు. ఎప్పటికీ ఇవ్వనని అనడం లేదు. ఇప్పుడు వద్దంటున్నాను."

"నాకు యాభై ఎనిమిది మేడమ్," అంది శౌరమ్మ. "నేనింక ఎప్పటికని ఆగను?"

డాక్టరమ్మ పరీక్షల చీటీ రాయడం మొదలుపెట్టింది. తెరేసమ్మ ఒళ్ళో ఉన్న సంచీ పట్టుకున్న వేళ్ళు అప్పటికి వదులయ్యాయి.

"మీకు పిల్లలున్నారా?"

"ఒక్కతే అమ్మాయండీ. ఇప్పుడు ఏడో నెల. కుట్టు వేశారు, మంచం మీదే ఉంటోంది," అంది శౌరమ్మ.

పెన్ను బల్ల మీద పెట్టేసింది డాక్టరమ్మ. "మరి ఈ మాట ఆమెని చూస్తున్న డాక్టరుకి చెప్పారా?"

"దానికెందుకండీ?" అంది తెరేసమ్మ. అంత గట్టిగా అంటానని ఆమే అనుకోలేదు.

"గర్భంతో ఉన్నప్పుడు మామూలుగానే రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుందమ్మా. పైగా నెలల తరబడి మంచం మీద ఉంది. ఇంటి రక్తంలో ఈ గుణం కూడా ఉంటే ప్రమాదం. వాళ్ళ డాక్టరుకి ఇవాళే చెప్పండి. రేపటిదాకా ఆగొద్దు."

"అంత అవసరం లేదేమోనండీ... ముసలావిడ ఏదో గుర్తున్నంత వరకు చెప్పింది..."

భార్య భయపడుతోందనుకుంది శౌరమ్మ. బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకుంది. తెరేసమ్మ వెనక్కి లాక్కోలేదు. లాక్కోవాలన్న స్పృహ కూడా లేదు ఆమెకి.

బయటికొచ్చి మెట్ల మీదే ఫోన్ తీసింది శౌరమ్మ.

"ఇంటికెళ్ళి చెబుదాం," అంది తెరేసమ్మ. "ఏవండీ, ఆగండి. ఫోన్‌లో చెబితే అది బెదిరిపోద్ది."

అప్పటికే అవతల క్రిస్టినా ఎత్తింది.

* * *

గురువారం నుంచి క్రిస్టినాకి, రక్తం గడ్డకట్టకుండా, సూదులు మొదలయ్యాయి.

రోజుకి ఒకటి, బొడ్డు పక్కన పొట్ట మడిచి పట్టుకుని గుచ్చాలి. కాన్పయ్యాక ఆరు వారాల దాకా. కుట్టు, మంచం, కాళ్ళకి ముందే ఉన్న వాపు, వీటికి తోడు నాయనమ్మ కథ విన్నాక కాన్పుల డాక్టరు ఇంక ఆలోచించలేదు. వారానికోసారి రక్తపరీక్ష కూడా రాసింది.

మొదటి రెండు రోజులూ నర్సు వచ్చి చేసింది. మూడో రోజు నుంచి ఇంట్లోవాళ్ళనే చేసుకోమంది. తెరేసమ్మ సూది పట్టుకుని కూతురి పొట్ట వంక చూసింది.  రెండుసార్లు గుచ్చబోతే సూది పక్కకి జారింది. క్రిస్టినా కెవ్వుమంది.

"నావల్ల కాదు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అక్కడ, ఇంకా ఊరెళ్ళని మాణిక్యమ్మ గోంగూర ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"పొట్టంతా నల్లగా కమిలిపోయింది వదినా," అంది తెరేసమ్మ గొంతు తగ్గించి.

"నన్నెందుకు అడుగుతావ్? నువ్వు చెప్పమన్నట్టే చెప్పా."

"మెల్లగా."

"కాలు వాచిందని చెప్పమన్నావ్, వాచిందన్నా. తొడదాకా అన్నావ్, తొడదాకా అన్నా. ఊపిరాడలేదని కూడా నువ్వే చెప్పావ్. నాకేం తెలుసు ఆ జబ్బు సంగతి? మా అమ్మ కామెర్లొచ్చి పోయింది. కళ్ళు పచ్చబడి, ఒళ్ళు పచ్చబడి, పసరు పోస్తే కక్కుకుని పోయింది. ఏ కాలూ వాచలేదు." మాణిక్యమ్మ చేతిలో కాడ విరిగింది. "వాడు ఆ పాడు మందు మింగకుండా ఆగుతాడంటే సరేనన్నా. పిల్ల పొట్టలో సూదులు దిగుతాయని నాకు చెప్పావా?"

"నాకు మాత్రం తెలుసా? డాక్టరు కాగితం ఫ్రిజ్ మీద పెట్టి స్నానానికెళ్ళాడు మీ తమ్ముడు. చదివా. ఆ ఒక్క ప్రశ్న చాలనిపించింది. ఎనిమిది నెలలు ఏడ్చా, ఫాదర్ గారి చేత చెప్పించా, గుణదల మాతకి మొక్కుకున్నా, అన్నం మానేశా. ఏ మాటకీ ఆగని మనిషి ఒక్క డాక్టరు మాటకి ఆగిపోయాడు."

"అయితే ఇప్పుడు చెప్పేద్దాం. నేనే చెప్తా. ముసలిదాన్ని, మతి తప్పి ఏదో అన్నానని చెప్తా."

"వద్దు."

"తెరేసమ్మా..."

"వద్దన్నానా! చెప్పిన మర్నాడే పోయి ఆ మందు తెచ్చుకుంటాడు. రేపు బిడ్డ పుట్టాక వియ్యంకులొస్తారు. వాళ్ళ ముందు జాకెట్టు తొడుక్కుని నిలబడతాడు. మా అంగన్‌వాడీలో పిల్లల్ని దింపడానికొచ్చే తల్లులు నా మొహం చూసి నవ్వుకుంటున్నారు వదినా. 'మీ ఇంట్లో ఇద్దరు టీచరమ్మలంటగా' అంది మొన్న ఒకతి. సూదులే కదా. పిల్లకి మంచివే గానీ చెడ్డవి కాదంట, నర్సు చెప్పింది. రెండు మూడు నెలలు ఓర్చుకుంటది. నేను ముప్పై ఏళ్ళు ఓర్చుకోలేదా?"

మాణిక్యమ్మ గోంగూర పళ్ళెం పక్కకి నెట్టింది. "పాపసంకీర్తనానికి పోతే ఫాదర్ గారికి ఏమని చెప్పుకోను?"

"మీది చెప్పేటప్పుడు నాది కూడా కలిపి చెప్పండి."

మాణిక్యమ్మ ఆ మధ్యాహ్నమే సంచీ సర్దుకుంది. వెళ్ళేముందు క్రిస్టినా గదిలోకి తొంగిచూసి, నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. ఆటో దాకా సంచీ మోసింది శౌరమ్మే.

"నిజం చెప్పి మేలు చేశావక్కా," అంది. "నువ్వు చెప్పకపోతే నేనొక్కదాన్నే కాదు, క్రిస్టినా కూడా ప్రమాదంలో పడేది."

మాణిక్యమ్మ ఆటోలో అటు తిరిగి కూర్చుంది.

* * *

"నువ్వొద్దు," అంది క్రిస్టినా. "నువ్వు ముట్టుకోవద్దు."

శౌరమ్మ సూది పట్టుకుని మంచం పక్కన నిలబడింది. "అమ్మ వల్ల కావడం లేదు తల్లీ. టైము దాటిపోకూడదన్నారు."

క్రిస్టినా గోడవైపు తిరిగింది. తర్వాత నైటీ పక్కకి లాగింది. "చెయ్యి. మాట్లాడకుండా చెయ్యి."

నట్టు జారకుండా బోల్టు బిగించడం అలవాటైన చేతులు. సూది ఎప్పుడు దిగిందో ఎప్పుడు వచ్చిందో తెలియనంత నెమ్మదిగా చేసింది శౌరమ్మ. దూదితో ఒత్తి పట్టుకుంది.

"ఇది కూడా నీ దగ్గర్నుంచే వచ్చిందా?" అంది క్రిస్టినా గోడతోనే మాట్లాడుతున్నట్టు. "నలుగురిలో తలెత్తుకోలేకుండా చేశావు, అది చాల్లేదా? ఆయన ఫోన్‌లో అడుగుతున్నాడు, మీ ఇంటి రక్తంలో ఇంకేమేం జబ్బులున్నాయో ఒకేసారి చెప్పమని."

శౌరమ్మ దూది ఇంకాస్త ఒత్తి పట్టుకుంది. మాట్లాడొద్దని కదా షరతు.

ఆ తర్వాత రోజూ పది గంటలకి ఆమే చేసేది. చెయ్యి కడుక్కుని రావడం, గుచ్చడం, ఒత్తిపట్టుకోవడం, వెళ్ళిపోవడం. కొన్నాళ్ళకి క్రిస్టినా గోడవైపు తిరగడం మానేసింది. తొమ్మిదో రోజున దూది తీస్తుంటే, "నొప్పి తెలీలేదు" అంది.

అది విని శౌరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి క్రిస్టినాకి ధైర్యం వచ్చింది.

"ఒకటి అడగనా నాన్నా?"

"అడుగు."

"బిడ్డ పుట్టాక నీకు ఎత్తుకోవాలని ఉంటుందిగా?"

"ఉండదా తల్లీ?"

"అయితే తాతగా ఎత్తుకో. వేరేగా అయితే మాత్రం నేను ఇవ్వను. మా అత్తగారు ముందే చెప్పింది. నేను కూడా ఆ మాటకి ఒప్పుకున్నా." దుప్పటి పైకి లాక్కుంది. "ఎలాగూ నీకా మందు పడదంటగా. మందే లేనప్పుడు ఆ బట్టలెందుకు, ఆ జుట్టెందుకు? ఎవరికోసం?"

"నాకోసమే," అందామనుకుంది శౌరమ్మ. మంచం పక్కన బల్ల మీద, ఇంకా వాడాల్సిన సూదుల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అవన్నీ తన నెత్తురు చేసిన పాపమే అనుకుంది ఆమె. తల్లి ఇచ్చిన నెత్తురు, తనగుండా వెళ్ళి బిడ్డ కడుపులో చేరింది.

"సరే," అంది.

మర్నాడు పొద్దున్నే సెలూన్‌కి వెళ్ళి క్రాపు చేయించుకుంది. రెండు చుడీదార్లూ, ఒక నూలు చీర, గాజులూ అన్నీ గోనెసంచిలో కట్టి మూలకి పెట్టింది. ప్యాంటు, చొక్కా వేసుకుని హాల్లోకి వచ్చింది.

తెరేసమ్మ చూసింది. లోపలికెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది. ఎనిమిది నెలలుగా కప్పు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయే మనిషి, ఆ రోజు చేతికి అందించింది.

"ఏవండీ, చక్కెర సరిపోయిందా?"

గాజులు తీసిన చోట మణికట్టు తెల్లగా ఉంది. శౌరమ్మ చొక్కా చేతులు కిందికి లాక్కుని, సరిపోయిందంది.

* * *

రెండో వారం రక్తపరీక్ష తర్వాత కాన్పుల డాక్టరు ముగ్గుర్నీ లోపలికి పిలిచింది. క్రిస్టినాని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట, చేతులు, కాళ్ళు చూసింది. మోచేతి దగ్గర ఎప్పుడూ లేని కమిలిన మచ్చలున్నాయి.

"ప్లేట్‌లెట్లు పడిపోయాయండీ. రెండు లక్షల ఇరవై వేలు ఉన్నవి లక్షకి వచ్చాయి."

"డెంగ్యూనా?" అని అడిగింది క్రిస్టినా.

"కాదమ్మా. గర్భంలో కొందరికి మామూలుగానే కొంచెం తగ్గుతాయి. కానీ ఈ సూది వల్ల కూడా ఒక్కోసారి తగ్గుతాయి. అరుదుగా జరుగుతుంది, జరిగితే మాత్రం మంచిది కాదు. అప్పుడీ సూది వెంటనే ఆపాలి."

"ఆపేయండి మరి," అంది తెరేసమ్మ.

"ఊరికే ఆపితే ఎలాగమ్మా? మీ అత్తగారు రక్తం గడ్డకట్టి పోయారన్నారు. అదే నిజమైతే ఏ మందూ లేకుండా అమ్మాయిని వదల్లేను. ఇంకో మందుకి మార్చాలి, అది ఇంకా జాగ్రత్తగా ఇవ్వాల్సిన మందు. ఆ చరిత్ర అంత గట్టిది కాదంటే, అన్నీ ఆపేసి రెండ్రోజులు చూస్తాను. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. చూసినవాళ్ళు ఎవరు?"

"మా అక్కండీ. చల్లపల్లిలో ఉంటుంది," అంది శౌరమ్మ. "ఫోన్ చేస్తాను, మీరే మాట్లాడండి."

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి అవతల కట్ చేశారు. మూడోసారికి స్విచాఫ్ అని వచ్చింది.

"ఇంకెవరికైనా తెలుసా? అమ్మా, మీకు?"

తెరేసమ్మ కూతురి వంక చూసింది. పక్కన నున్నటి క్రాపుతో, ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డ మనిషి వంక చూసింది. నాలుగు రోజులే అయింది ఆ మనిషి తిరిగొచ్చి. నిన్న సాయంత్రం ఇద్దరూ కలిసి చర్చికెళ్ళారు. ఎవరూ నవ్వలేదు.

"తెలుసండీ," అంది. "అది నిజమే. మా అత్తగారు అట్టాగే పోయింది. నేను చూశాను."

డాక్టరు రాసుకోబోయింది.

"నువ్వెట్టా చూశావమ్మా?" అంది క్రిస్టినా.

బల్ల మీంచి మోచేతుల మీద లేచింది. "నాయనమ్మ పోయేటప్పటికి నాన్నకి ఆరేళ్ళు. మీ పెళ్ళి నాన్నకి ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు. నువ్వెట్టా చూశావు?"

తెరేసమ్మ కొంగు సర్దుకుంది. 

"కాలు వాచిందని అత్తకి ఎవరు చెప్పారు?" క్రిస్టినా పొట్ట మీది గుడ్డ పక్కకి లాగింది. "అమ్మా. నా పొట్ట చూడు. నా వంక చూసి చెప్పు."

"కామెర్లు," అంది తెరేసమ్మ.

డాక్టరు పెన్ను ఆగింది. "ఏమిటి?"

"కామెర్లండీ. కామెర్లొచ్చి పోయింది. ఆ సూది ఆపేయండి. ఇంకే మందూ వద్దు. నేనే చెప్పమన్నాను."

శౌరమ్మ గోడకి ఆనుకుంది. తెరేసమ్మ వంక చూస్తూనే ఉంది గానీ ఆమె మొహంలో కోపం లేదు. ఆ మాట ఇంకా లోపలికి దిగలేదు. దిగేలోపే క్రిస్టినా ఏడుపు మొదలైంది.

శౌరమ్మ దగ్గరికెళ్ళి తల మీద చెయ్యి వేసింది.

"తియ్యి," అంది క్రిస్టినా.

"తల్లీ..."

"నీవల్లే ఇదంతా. నువ్వా మందు అడక్కపోతే అమ్మ ఈ అబద్ధం చెప్పేదా? నా బిడ్డ ఏమైపోయినా ఫర్వాలేదనుకునేంత పిచ్చిదాన్ని చేశావు మా అమ్మని. అది నీ పని."

"నేనా?" అంది శౌరమ్మ. 

డాక్టరు ఆ రోజే చేర్చుకుంటానంది. రెండ్రోజులు గంట గంటకీ చూడాలి, దగ్గర ఒక్కళ్ళే ఉండాలి. నర్సు ఫారం తెచ్చింది. "తోడు ఎవరుంటారు? పేరు చెప్పండి."

క్రిస్టినా కళ్ళు తుడుచుకుంది. తల్లి వంక చూడలేదు. తండ్రి వంక కూడా చూడలేదు.

"తెరేసమ్మ," అంది. "మా అమ్మ."

* * *

ఆసుపత్రి వరండాలో ఎండ నిలువుగా పడుతోంది. వెనకాలే వచ్చింది తెరేసమ్మ, చేతిలో ఇంటి తాళంచెవి.

"ఇది తీసుకెళ్ళండి. కుక్కర్లో అన్నం ఉంది. దాని కోపం చల్లారాక ఫోన్ చేస్తా."

శౌరమ్మ చెయ్యి చాపలేదు.

"ఒక్కటి చెప్పు తెరేసా. ఆ మందు వేసుకుంటే నాకేమన్నా అవుతుందని నీకు భయం వేసిందా? నిజంగా? డాక్టరు చెప్పేటప్పుడు ఒక్కసారైనా, ఈ మనిషి పోతుందేమోనని అనిపించిందా?"

 తెరేసమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. ఈసారి అబద్ధం చెప్పాలనిపించలేదు ఆమెకి.

"మీరు పోతే నేను విధవనవుతాను. సమాధి కట్టిస్తాను, ఏటేటా పూజ పెట్టిస్తాను. ఊళ్ళో దానికో మర్యాద ఉంది. మీరు అట్టా బతికుంటే నేనేమవుతాను? దానికి పేరేంటో చెప్పండి."

లోపల్నుంచి నర్సు పిలిచింది. "తెరేసమ్మగారూ!"

తెరేసమ్మ వెనక్కి తిరిగింది. తాళంచెవి ఆమె చేతిలోనే ఉండిపోయింది. శౌరమ్మ వరండా మెట్లు దిగి ఎండలోకి నడిచింది.